మోకాళ్ల పర్వతం మీద పిక్కలు మండినప్పుడు

నిర్వాహకుడు: తిరుపతి నుండి మా పాడ్‌కాస్ట్‌కు స్వాగతం. నాకు పాఠశాలలో జీవశాస్త్రం బోధించిన మేడం గారు ఈరోజు మనతో ఉన్నారు. మేడం, గత శనివారం అలిపిరి నుండి 3550 మెట్లు ఎక్కాను. గాలిగోపురం దాటాక వచ్చే చదును దారి హాయిగా సాగింది గాని, మోకాళ్ల పర్వతాన్ని పరుగున ఎక్కబోయి, పిక్కలు మండి చతికిలబడ్డాను. అక్కడ అవాయు శ్వాసక్రియ, అంటే ఆక్సిజన్ లేకుండా శక్తిని పొందడం, మొదలైందనుకోవచ్చా?

మేడం: చదును దారిలోనూ అది కొంత జరుగుతూనే ఉంది, నాయనా. పాఠంలోని పట్టికలో వాయు, అవాయు శ్వాసక్రియలు రెండింటినీ ఎదురెదురుగా రాయడం వల్ల, ఒకటి ఆగితేనే రెండవది మొదలవుతుందని పిల్లలు అనుకుంటారు. నిజానికి రెండింటికీ తొలి మెట్టు ఒక్కటే. కణద్రవ్యంలో ఒక గ్లూకోజ్ అణువు రెండు పైరువేట్ అణువులుగా విడిపోయి, నికరంగా 2 ఏటీపీలను, అంటే కణం ఖర్చు చేసుకునే శక్తి అణువులను, ఇస్తుంది. దీనికి ఆక్సిజన్ అవసరమే లేదు. ఆ పైరువేట్ కణంలోని శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియాలోకి వెళ్లి, ఆక్సిజన్ సాయంతో పూర్తిగా కార్బన్ డయాక్సైడ్‌గా, నీరుగా మారితే మొత్తం సుమారు 30 నుండి 32 ఏటీపీలు లభిస్తాయి. పాత పుస్తకాలు 38 అని లెక్క కట్టాయి.

నిర్వాహకుడు: మరి 2 ఏటీపీల కోసం కండరం ఆ దారి పట్టడమెందుకు?

మేడం: వేగం కోసం. పరుగున ఎక్కేటప్పుడు మైటోకాండ్రియా అందుకోలేనంత త్వరగా పైరువేట్ పోగుపడుతుంది, అది లాక్టేట్‌గా, అంటే లాక్టిక్ ఆమ్లపు రూపంగా, మారుతుంది, ఆ మార్పులో ఎన్ఏడీ అనే సహాయక అణువు తిరిగి లభించడం వల్లనే తొలి మెట్టు ఆగకుండా సాగుతుంది. ఈ ఒక్క విషయం అర్థమైతే పట్టికను బట్టీ పట్టే పని ఉండదు. ఈస్ట్ ఇథనాల్‌ను తయారుచేసేదీ ఇందుకే. మన ఎర్ర రక్తకణాలనే చూడు: మైటోకాండ్రియాలే లేనందువల్ల, ఒళ్లంతటికీ ఆక్సిజన్‌ను మోస్తూ కూడా తమ శక్తి కోసం దానిని వాడుకోలేవు.

నిర్వాహకుడు: రెండు రోజుల తరువాత కూడా ఇంటి మెట్లు దిగలేకపోయాను. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయిందన్నారు.

మేడం: ఆ మాట ఇంకా వినవలసి రావడం నాకు బాధగా ఉంది. విశ్రాంతి తీసుకుంటే గంట, రెండు గంటలలోనే లాక్టేట్ మామూలు స్థాయికి దిగుతుంది. కొంత గుండెకు ఇంధనమవుతుంది, కొంత కాలేయంలో తిరిగి గ్లూకోజ్ అవుతుంది. ఈ చక్రానికి 1947లో నోబెల్ బహుమతి పొందిన కార్ల్, గెర్టీ కోరి దంపతుల పేరే ఉంది. మరునాటి నొప్పి, అలవాటు లేని శ్రమ వల్ల, ముఖ్యంగా దిగేటప్పుడు, కండర తంతువులకు కలిగే సూక్ష్మమైన దెబ్బల వల్ల వస్తుంది. నువ్వు నడిచే దిగావా?

నిర్వాహకుడు: అవును మేడం, అలిపిరి దాకా.

మేడం: అయితే పిక్కల కన్నా తొడల ముందుభాగమే ఎక్కువ నొప్పి పుట్టి ఉండాలి.

నిర్వాహకుడు: సరిగ్గా అక్కడే, మేడం.