పిల్లల బరువు గురించి పెద్దలతో

అందరికీ నమస్కారం. అమ్మానాన్నలు, అమ్మమ్మలు, తాతయ్యలు, టీచర్లు ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషం.

నేను పిల్లల డాక్టర్ని. పిల్లల బరువు గురించి నా దగ్గరకు వచ్చేవాళ్ళు కూర్చోగానే అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "డాక్టర్‌గారూ, వీడికి ఏం పెట్టడం మానెయ్యాలో చెప్పండి." ఆ మాట అంటున్నప్పుడు పిల్లవాడు పక్కనే ఉంటాడు. బరువు చూద్దాం రమ్మంటే చెప్పులు విప్పి, ఊపిరి బిగబట్టి మెషీన్ ఎక్కుతాడు. అక్కడ పడిన అంకెను చూడడు, అమ్మ ముఖం చూస్తాడు.

పిల్లలకు ఊబకాయం రాకుండా చూసుకోవాల్సింది పెద్దలే. ఇంట్లోకి ఏ సరుకు రావాలి, ఎన్నింటికి పడుకోవాలి, సాయంత్రం ఆడుకోవడానికి చోటుందా, స్కూల్లో ఏం అమ్ముతున్నారు, టీవీలో ఏ ప్రకటన వస్తోంది... వీటిలో ఏదీ ఎనిమిదేళ్ళ బిడ్డ చేతిలో లేదు. అందుకే నేను ఇవాళ మీతోనే మాట్లాడతాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 1990లో 5 నుంచి 19 ఏళ్ళ మధ్య వయసు వాళ్ళలో ఊబకాయం ఉన్నవాళ్ళు 2 శాతం. 2022కి 8 శాతం అయ్యారు, అంటే 16 కోట్ల మంది. ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్న వాళ్ళందరినీ కలుపుకుంటే 39 కోట్లు దాటారు. 32 ఏళ్ళలో మనుషుల జన్యువులు మారిపోవు. ఈ కాలం పిల్లలకు మాత్రమే కొత్తగా బద్ధకమూ పుట్టుకురాలేదు. జన్యువుల ప్రభావం నిజమే, ఒకే ఇంట్లో ఒకే తిండి తింటూ అన్న సన్నగా, తమ్ముడు లావుగా ఉండటం మనం చూస్తూనే ఉన్నాం. కానీ లోపల ఉన్న ఆ గుణాన్ని బయటికి లాగేది చుట్టూ ఉన్న పరిస్థితులే. ఈ ముప్ఫై ఏళ్ళలో మారింది ఆ పరిస్థితులే.

అసలు బరువు ఎక్కువో కాదో ఎలా తెలుస్తుంది? కంటితో చూసి చెప్పలేం. నాలాంటి వాళ్ళమే చూపుతో అంచనా వేసి పొరపడతాం. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో ఒకసారి, మళ్ళీ ఇంకోసారి భాగిస్తే వచ్చేది బీఎంఐ. పెద్దవాళ్ళకు వయసుతో పని లేకుండా ఒకే కొలత సరిపోతుంది, పిల్లలకు సరిపోదు. పుట్టిన మొదటి ఏడాది బీఎంఐ వేగంగా పెరుగుతుంది. ఆ తర్వాత మెల్లగా తగ్గుతూ వచ్చి 5, 6 ఏళ్ళ ప్రాంతంలో అన్నిటికంటే కిందికి చేరుతుంది. అక్కడి నుంచి మళ్ళీ పైకి వెళుతుంది. కాబట్టి వయసును బట్టి, ఆడపిల్లా మగపిల్లాడా అన్నదాన్ని బట్టి, ఏ వయసుకు ఎంత ఉండాలో గీతలు గీసి ఉండే గ్రోత్ చార్ట్ మీద గుర్తు పెట్టి చూడాలి.

ఈ 5, 6 ఏళ్ళ దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే చాలా ఇళ్ళల్లో కథ మొదలయ్యేది ఇక్కడే. నిన్నటిదాకా బొద్దుగా ఉన్న బిడ్డకు బుగ్గలు తగ్గుతాయి, చొక్కా విప్పితే పక్కటెముకలు కనబడతాయి. ఇంట్లో అందరికీ టెన్షన్. "చిక్కి సగమయ్యాడు" అంటారు. టానిక్కులు వస్తాయి, పాలల్లో కలిపే పొడులు వస్తాయి, కంచం పట్టుకుని వెంటపడటం మొదలవుతుంది. బిడ్డ నోరు మూసుకుంటే ఫోన్ చేతికిచ్చి, అటు చూస్తుండగా ఇటు ముద్ద పెట్టేస్తారు. కానీ ఆ వయసులో సన్నబడటం సహజం. బీఎంఐ మళ్ళీ పెరగడం 5 ఏళ్ళ లోపే మొదలైతే తర్వాత ఊబకాయం వచ్చే అవకాశం ఎక్కువని 1984 నుంచీ పరిశోధనలు చెబుతున్నాయి. చార్ట్‌లో బిడ్డ తన దారిలో తాను ఎదుగుతుంటే, హుషారుగా ఆడుకుంటుంటే, పక్కటెముకలు కనబడినా ఫర్వాలేదు. నిజంగా ఎదుగుదల కుంటుపడితే అదీ ఆ చార్టే చెబుతుంది, అప్పుడు పరీక్షలు చేద్దాం.

దానికి వ్యతిరేకంగా ఉండే మాట కూడా వింటాను: "తినే వయసు, తిననివ్వండి. ఎత్తు పెరిగితే ఒళ్ళు అదే తగ్గుతుంది." కొందరికి తగ్గుతుంది. చాలామందికి తగ్గదు. ముఖ్యంగా పది పన్నెండేళ్ళకు ఊబకాయం ఉన్న పిల్లల్లో ఎక్కువమంది పెద్దయ్యాక కూడా అలాగే ఉంటారు. ఒకప్పుడు పెద్దవాళ్ళ జబ్బులనుకున్నవి, అంటే టైప్ 2 డయాబెటిస్, బీపీ, లివర్‌లో కొవ్వు, ఇప్పుడు పిల్లల్లోనే చూస్తున్నాం. రాత్రి గట్టిగా గురక పెడుతూ మధ్యమధ్యలో ఊపిరి ఆగినట్టయ్యే పిల్లలు పగలు క్లాసులో తూగుతారు, వాళ్ళకు చదువు మీద శ్రద్ధ లేదని తిట్లు పడతాయి.

ఇంకో గుర్తు చెబుతాను, ఇంటికెళ్ళి చూడండి. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లబడి, మందంగా, ముట్టుకుంటే మఖమల్ గుడ్డలా తగులుతుంది. చాలామంది తల్లులు అది మట్టి అనుకుంటారు. స్నానం చేయించేటప్పుడు పీచుతో రుద్ది రుద్ది చర్మం ఎర్రబడ్డ పిల్లల్ని నేను చూశాను. అది మట్టి కాదు, ఎంత రుద్దినా పోదు. శరీరం ఇన్సులిన్ మాట సరిగ్గా వినడం లేదు, అందుకని ఇన్సులిన్ ఎక్కువెక్కువ తయారవుతోంది, దాని ప్రభావం చర్మం మీద కనబడుతోంది. ఆ నలుపు కనబడితే సబ్బు పక్కన పెట్టి డాక్టర్ దగ్గరకు తీసుకురండి.

ఇక నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం, మన మాటలు. స్కూల్లో పేర్లు పెట్టి పిలవడం ఒక ఎత్తు. ఇంట్లో జరిగేది ఇంకొక ఎత్తు. చుట్టాలొచ్చినప్పుడు "మా వాడు చూడండి ఎలా పెరుగుతున్నాడో" అనడం, అక్క కంచంలో వడ్డించి తమ్ముడి కంచం దగ్గర చెయ్యి ఆపడం, "ఈ డ్రెస్ నీకెలా పడుతుందే" అనడం. ఇవన్నీ బిడ్డ మంచి కోరే అంటాం. కానీ వెక్కిరింపులు పడ్డ పిల్లలు సన్నబడరు. దిగులుపడతారు, ఆటలకు దూరమవుతారు, దొంగచాటుగా తింటారు, ఇంకా బరువు పెరుగుతారు. టీనేజ్‌లో సొంతంగా కడుపు మాడ్చుకుని డైటింగ్ మొదలుపెట్టే పిల్లలకు తిండికి సంబంధించిన మానసిక జబ్బులు వచ్చే ప్రమాదం కూడా ఉంది.

నేను చూసిన ఒక పాప బిస్కెట్ ప్యాకెట్ తీసుకుని బాత్‌రూమ్‌లోకి వెళ్ళి, కాగితం చప్పుడు బయటికి వినబడకుండా కుళాయి తిప్పి తినేది. వాళ్ళమ్మ అల్మారాకు తాళం వేశాక మొదలైన అలవాటది. ఆ పాపలో లోపమేమీ లేదు, పిల్లల మనసు తీరే అంత. 1999లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో చిన్న పిల్లలకు ఒక చిరుతిండిని కళ్ళ ముందే ఉంచి, కొద్దిసేపు తప్ప తినడానికి వీల్లేదన్నారు. దాంతో అదే కావాలన్న ధ్యాస వాళ్ళలో పెరిగింది. అందుకే నేను తాళాలు వద్దంటాను. అసలు రోజూ ఇంట్లోకి తేకండి. తెచ్చిన రోజున అందరూ కలిసి కూర్చుని, దాపరికం లేకుండా, తృప్తిగా తినండి.

తిండి విషయంలో నేను పాటించమనేది ఒక పని విభజన. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చుని తినాలి అన్నది పెద్దలు చూసుకోవాలి. పెట్టినదాంట్లో ఎంత తినాలి అన్నది బిడ్డకు వదిలెయ్యాలి. ఆకలేస్తే అడగడం, కడుపు నిండితే ఆపడం పసిపిల్లలకు పుట్టుకతోనే వస్తుంది. "ఇంకొక్క ముద్ద", "కంచం ఖాళీ చేస్తేనే లేవాలి" అని మనమే ఆ విద్యను మరిపిస్తాం. తర్వాత పదేళ్ళకు "ఎక్కడ ఆపాలో వీడికి తెలియదు" అంటాం. కొత్త కూర ఒకసారి ఉమ్మేస్తే ఇక ఇష్టం లేదని తేల్చేయకండి. పదిసార్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసార్లు కంచంలో కనబడితే గానీ కొందరు పిల్లలు దాన్ని ఒప్పుకోరు. బలవంతపెట్టకుండా, మీరు తింటూ, కొంచెం పెట్టి వదిలెయ్యండి.

తాగేవాటి గురించి మాత్రం గట్టిగా చెబుతాను. తినేది నమిలితే కడుపుకు తెలుస్తుంది, తాగిన చక్కెర అంతగా తెలియదు. విడిగా కలిపిన చక్కెర నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 10 శాతం లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది, 5 శాతం లోపుంటే ఇంకా మంచిదంది. రోజుకు 1600 కేలరీలు కావాల్సిన బిడ్డకు 10 శాతమంటే 40 గ్రాములు. మామూలు 330 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ క్యాన్‌లో ఇంచుమించు 35 గ్రాములుంటుంది. ఒక్క క్యాన్‌తో రోజు కోటా దాదాపు అయిపోయింది. పండ్ల రసంలోని చక్కెరను కూడా ఆ సంస్థ ఈ లెక్కలోనే వేస్తుంది. పండును పండులాగే ఇవ్వండి, దాహానికి మంచినీళ్ళు ఇవ్వండి. ఇంట్లో ఒకే ఒక్క మార్పు చేయగలం అంటే నేను ఇదే ఎంచుకోమంటాను.

ప్యాకెట్ తిండి గురించి కూడా ఒక ప్రయోగం ఉంది. 2019లో అమెరికాలో 20 మంది పెద్దవాళ్ళకు రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన ఆహారం, రెండు వారాలు మామూలుగా వండిన ఆహారం పెట్టారు. వడ్డించిన దాంట్లో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండిట్లోనూ సమానమే. ఎంత తినాలన్నది వాళ్ళ ఇష్టం. ప్రాసెస్ చేసినవి పెట్టిన రోజుల్లో వాళ్ళు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. ఎవరూ బలవంతపెట్టలేదు. వయసొచ్చిన వాళ్ళే ఆపుకోలేనప్పుడు పిల్లల్ని మనోబలం లేదని తిట్టడం అన్యాయం.

నిద్ర సంగతి ఈ సభల్లో ఎవరూ అడగరు, నేనే ఎత్తుతాను. 3, 4 ఏళ్ళ పిల్లలకు 10 నుంచి 13 గంటలు, 6 నుంచి 12 ఏళ్ళ వాళ్ళకు 9 నుంచి 12 గంటలు, టీనేజ్ పిల్లలకు 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి. నిద్ర తక్కువైతే ఆకలిని, తృప్తిని నడిపించే హార్మోన్లు అటూఇటూ అవుతాయి, తీపి మీదకు మనసు పోతుంది. పైగా మెలకువగా ఉన్న కొద్దీ తినే సమయం పెరుగుతుంది. రాత్రి పదకొండింటికి హోంవర్క్ ముగించి, పొద్దున్నే ఆరింటికి లేచే పదేళ్ళ బిడ్డకు డైట్ చార్ట్ రాసివ్వడం వల్ల ఉపయోగం లేదు. ముందు హోంవర్క్ తగ్గాలి. టీచర్లూ, ఈ మాట మీ కోసం. అమ్మానాన్నలూ, పడకగదిలోంచి ఫోన్లు బయటికి రావాలి, మీవి కూడా.

ఆట విషయానికొస్తే, 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు చెమట పట్టేలా, ఊపిరి వేగం పెరిగేలా కదలాలి. ఒకేసారి కానక్కరలేదు. పరుగు, తాడాట, సైకిల్, డాన్స్, ఏదైనా సరే. బరువు తగ్గడానికి అని చెప్పి మాత్రం పంపకండి, అప్పుడు ఆట కూడా శిక్షలా అనిపిస్తుంది. అల్లరి చేశారని ఆటల పీరియడ్ కోసెయ్యడం, ఆ పీరియడ్‌లో లెక్కలు చెప్పడం దయచేసి ఆపండి. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంలో విశ్రాంతి, ఆట పిల్లల హక్కులని రాసి ఉంది. ఆట వాళ్ళకు మనం దయతలచి ఇచ్చే బహుమతి కాదు.

ఇదంతా ఇంటి మీదే వేస్తున్నానని అనుకోకండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉద్యోగం చేసి వచ్చే తల్లిదండ్రులు, కోట్లు ఖర్చు పెట్టి తీసే ప్రకటనలతో ఒంటరిగా పోరాడలేరు. చిలీ దేశంలో 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు, కేలరీలు ఎక్కువున్న ప్యాకెట్ల మీద నల్లటి గుర్తులు వేయాల్సిందే. వాటిని స్కూళ్ళలో అమ్మకూడదు, పిల్లలను ఆకర్షించేలా ప్రచారం చేయకూడదు. మెక్సికో 2014లో తీపి పానీయాల మీద లీటరుకు ఒక పెసో పన్ను వేసింది. బ్రిటన్ 2018లో చక్కెర ఎక్కువుంటే ఎక్కువ పన్ను అనేసరికి, చాలా కంపెనీలు ముందే తమ డ్రింకుల్లో చక్కెర తగ్గించేశాయి. ప్రభుత్వాలు తలుచుకుంటే జరుగుతుంది. మీరు రేపే చేయగలిగింది ఒకటుంది: నలుగురు తల్లిదండ్రులు కలిసి వెళ్ళి, క్యాంటీన్‌లో ఏం అమ్ముతున్నారో చూపించమని స్కూల్‌ని అడగండి.

డాక్టర్ దగ్గరకు వచ్చేటప్పుడు పాత ఎత్తు, బరువు రాసుకున్న కాగితాలు ఏమున్నా తీసుకురండి. ఒక్క రోజు అంకె కంటే రెండేళ్ళ గీత ఎక్కువ చెబుతుంది. "ఎన్ని కిలోలు తగ్గాలి?" అని కంగారు పడకండి. ఎదిగే వయసు కాబట్టి, చాలామంది చిన్న పిల్లలకు బరువు పెరగకుండా నిలబడితే చాలు, ఎత్తు పెరుగుతూ అదే సర్దుకుంటుంది. ఊబకాయం మరీ తీవ్రంగా ఉన్నవాళ్ళకు చికిత్స వేరే ఉంటుంది, అది వచ్చినప్పుడు చూద్దాం.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుంటాను. అయితే ఒక్క మనవి. మీ అబ్బాయినో అమ్మాయినో లేపి నిలబెట్టి, "చూడండి డాక్టర్‌గారూ" అని చూపించకండి. పేరు లేకుండా చీటీ మీద రాసి పంపండి. విడిగా మాట్లాడాలనుకునేవాళ్ళ కోసం సభ అయ్యాక ఇక్కడే ఉంటాను.