ప్రచారం బిల్లు కట్టే ముందు

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎండను లెక్కచేయకుండా అనంతపురం వచ్చిన యువ వ్యాపారులకు నమస్కారం. నిర్వాహకులు నాకు జీఎస్టీ గురించి మాట్లాడమన్నారు. ఆ వివరాలన్నీ ముద్రించి ఇప్పటికే మీ చేతికిచ్చారు కాబట్టి, ఈ మధ్య నా బల్ల మీదికి తరచుగా వస్తున్న ఒక రకం బిల్లుల గురించి చెబుతాను. అవి ఆన్‌లైన్ ప్రచారం చేసిపెట్టే సంస్థల బిల్లులు. పని తెలిసి నిజాయితీగా చేసేవారు మన ఊళ్లోనూ ఉన్నారు, వారి మీద నాకు ఫిర్యాదు లేదు.

నా ఫిర్యాదు వేరు. ఇక్కడికి దగ్గర్లోనే ఇద్దరు అన్నదమ్ములు వేరుశనగ గానుగ నూనె పట్టి, ఐదు లీటర్ల డబ్బాలు పట్టణంలో ఇళ్లకు చేరవేసేవారు. వారు కుదుర్చుకున్న ప్రచార సంస్థ నెలనెలా రంగురంగుల నివేదిక పంపేది. అందులో ఇంప్రెషన్లు లక్షల్లో, ఫాలోవర్లు వేలల్లో ఉండేవారు కానీ, ఎన్ని డబ్బాలు అమ్ముడయ్యాయన్న పేజీ మాత్రం ఉండేది కాదు. ఒకే మనిషి ఫోనులో ప్రకటన పదిసార్లు కనబడినా పది ఇంప్రెషన్లుగానే లెక్కకు వస్తుంది. నూనె డబ్బా ఫొటో కింద 'నైస్ పిక్ బ్రో' అని రాసిన ఖాతాల్లో చాలావాటికి మనిషి ముఖమే లేదు. సరుకు అనంతపురం దాటదు, ప్రకటన మాత్రం దేశమంతా తిరిగింది. ఊరి చుట్టూ ఇన్ని కిలోమీటర్లలోనే చూపించమని నిర్దేశించే వీలు ఫేస్‌బుక్‌లోనూ గూగుల్‌లోనూ ఉన్నా, ఆ పని ఎవరూ చేయలేదు.

లెక్క వేద్దాం. సంస్థ రుసుము 20,000, ప్రకటనల ఖర్చు 10,000, మొత్తం 30,000 రూపాయలు అనుకోండి. ఆ నెలలో అరవై మంది కొత్తగా కొంటే ఒక్కొక్కరిని తెచ్చుకోవడానికి 500 అయింది. డబ్బాకు 200 మిగిలితే ఆ మనిషి మూడోసారి కొన్నప్పుడు గానీ పెట్టిన డబ్బు వెనక్కి రాదు. మళ్లీ కొనే సరుకైతే ఈ ఖర్చు సబబే, పెళ్లికి ఒక్కసారి కొనే సరుకైతే ఇంకోలా ఆలోచించాలి. పైన 18 శాతం జీఎస్టీ, అంటే 5,400 రూపాయలు ఉండనే ఉంది. ఆ పన్ను మీకు తిరిగి జమ కావాలంటే మీకు నమోదు ఉండాలి, వారి ఇన్‌వాయిస్ జీఎస్టీ పోర్టల్‌లో మీ కొనుగోళ్ల పన్ను వివరాలు చూపే 2బీ పట్టికలో కనబడాలి. అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే చిన్న వ్యాపారుల కాంపొజిషన్ పథకంలో ఉన్నవారికి అదీ రాదు. చూశారా, జీఎస్టీ వద్దనుకుంటూనే అందులోకి వచ్చాను!

గూగుల్‌లో మొదటి స్థానం గ్యారంటీ అన్నవారిని గుమ్మంలోనే ఆపండి. అటువంటి హామీ ఎవరూ ఇవ్వలేరని గూగులే తన మార్గదర్శకాల్లో రాసింది. డబ్బులిచ్చి మంచి రివ్యూలు రాయిస్తామనేవారి సంగతి ఇంకా ప్రమాదకరం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా పడవచ్చు. అప్పుడు నోటీసు సరుకు అమ్మిన మీ పేరు మీదికి వస్తుంది.

మళ్లీ ఆ అన్నదమ్ముల దగ్గరికే వస్తాను, క్షమించాలి. ఒప్పందం ముగిశాక తెలిసిందేమిటంటే, ఫేస్‌బుక్ పేజీ, ప్రకటనల ఖాతా రెండూ ఆ సంస్థ పేరు మీదే ఉన్నాయి. ఎవరు నొక్కారు, ఏ ప్రకటన చూసి ఎవరు ఫోన్ చేశారు అన్న సమాచారమంతా వారితోనే వెళ్లిపోయింది. డబ్బు పోయినందుకు కాదు గానీ, రెండేళ్ల వ్యాపారపు జాడ ఇంకొకరి చేతిలో ఉండిపోయినందుకు నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఖాతా మీ పేరుతో తెరిచి, మీ కార్డుతోనే ప్రకటనల డబ్బు కట్టి, వారికి పనిచేసే అనుమతి మాత్రమే ఇవ్వండి. అందుకు ఒప్పుకోని సంస్థతో బేరమే వద్దు. మొదట ఒక్క నెలకే, ఒక్క సరుకుకే ఒప్పందం చేసుకోండి. ప్రకటనలో వేరే ఫోన్ నంబరు ఇస్తే, ఏ ఆర్డరు ఎక్కడినుంచి వచ్చిందో మీకే తెలుస్తుంది.

వెనక వరుసలో కూర్చున్న మిత్రులారా, మీలో ఇప్పటికే ఇటువంటి ఒప్పందంలో ఉన్నవారు ఇప్పుడే ఫోను తీసి, మీ పేజీ సెట్టింగుల్లో పూర్తి నియంత్రణ ఎవరి పేరుతో ఉందో చూడండి. మీ పేరు కనబడకపోతే, భోజనాల సమయంలో ఒప్పంద పత్రంతో నన్ను కలవండి. వచ్చే బిల్లు కట్టే లోపలే వారికి ఉత్తరం రాద్దాం.