లార్డ్ లవట్: కొండలెరిగిన దళం, నాటిన అడవులు

శ్రోతలకు నమస్కారం.

స్కాట్లండ్ ఉత్తరాన, ఇన్వర్నెస్‌కు పడమరగా బ్యూలీ అనే ఊరుంది. ఆ చుట్టుపక్కల కొండలూ లోయలూ ఎన్నో వేల ఎకరాల మేర ఒకప్పుడు ఫ్రేజర్ వంశం వారివి. 1887లో తండ్రి మరణించడంతో ఆ ఆస్తీ, లార్డ్ లవట్ బిరుదూ పదిహేనేళ్ల సైమన్ ఫ్రేజర్‌కు సంక్రమించాయి.

1899 డిసెంబరులో బ్రిటిష్ సైన్యం దక్షిణాఫ్రికాలో ఒక్క వారంలోనే మూడు చోట్ల బోయర్ల చేతిలో, అంటే అక్కడ స్థిరపడిన డచ్చి సంతతి వారి చేతిలో, ఓడిపోయింది. వాటిలో ఒకటైన మాగర్స్‌ఫాంటైన్ దగ్గర హైలాండ్ (స్కాట్లండ్ కొండసీమ) పటాలాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. బోయర్లు రైతులు. గుర్రపుస్వారీ, గురి, కొండల్లో నక్కడం వాళ్లకు చిన్ననాటి విద్యలు. కవాతులో ఆరితేరిన సైనికుడికి వాళ్ల జాడే తెలిసేది కాదు. అప్పుడు లవట్‌కు తన ఎస్టేటులోని గిల్లీలు గుర్తొచ్చారు.

జింకల వేటలో దొరలకు దారి చూపేది ఈ గిల్లీలే. గిల్లీ నేల మీద వెల్లకిలా పడుకుని, దుర్భిణిని కర్రకో మోకాలికో ఆనించి, ఎదుటి కొండవాలునంతా ఓపిగ్గా గాలిస్తాడు. గాలివాటం చూసుకుని, జింక పసిగట్టకుండా పాకుతూ దగ్గరికి చేరతాడు. ఆ నేర్పే యుద్ధంలో అక్కరకొచ్చింది. 1900 జనవరిలో లవట్ ఇలాంటి వాళ్లను స్వచ్ఛందంగా చేర్చుకుని, పొట్టి హైలాండ్ గుర్రాలతో ‘లవట్ స్కౌట్స్’ అనే దళం కట్టాడు. తానూ వాళ్ల వెంట యుద్ధానికి వెళ్లాడు. 1901 సెప్టెంబరులో ఒక రాత్రి బోయర్లు స్కౌట్ల విడిదిపై విరుచుకుపడ్డారు. ఆ దాడిలో దళాధిపతి ఆండ్రూ మరే ప్రాణం కోల్పోయాడు. దళానికి పేరు లవట్‌దే కానీ, దాని ఘనతలో పెద్ద పాలు గిల్లీలదేనని నేనంటాను.

లవట్ చేసిన అసలైన గొప్ప పని మాత్రం కత్తితో చేసింది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాలకూ, బొగ్గు గనులకూ కలప కావాలి. జర్మన్ జలాంతర్గాముల వల్ల దిగుమతులు తగ్గాయి. బ్రిటన్ తన కొద్దిపాటి అడవులనే నరుక్కుంది. 1917లో ఫ్రాన్స్‌లోని బ్రిటిష్ సైన్యానికి కలప సమకూర్చే బాధ్యత చేపట్టిన లవట్ ఆ కరువును కళ్లారా చూశాడు. యుద్ధం ముగిసేనాటికి దేశంలో అడవి ఐదు శాతమే. అందుకే అడవుల పెంపకానికి 1919లో ఫారెస్ట్రీ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. దాని తొలి అధ్యక్షుడు లవటే.

ఆ డిసెంబరులో కమిషన్ సభ్యులు తొలిసారి సమావేశమయ్యారు. మొదటి మొక్క ఎవరు నాటాలన్న పంతంతో లవట్, సహచరుడు లార్డ్ క్లింటన్ చెరో రైలెక్కారు. లవట్ స్కాట్లండ్‌లోని ఎల్గిన్ స్టేషన్‌లో దిగేసరికి తంతి సిద్ధంగా ఉంది: నైరుతి ఇంగ్లండ్‌లో, డెవన్‌లోని ఎగ్స్‌ఫర్డ్‌లో క్లింటన్ అప్పటికే మొక్కలు నాటేశాడు! పందెం పోయినా పని ఆగలేదు. 1927 వరకూ లవటే అధ్యక్షుడిగా ఉన్నాడు. 1933లో కన్నుమూశాడు. నేడు బ్రిటన్ నేలలో దాదాపు పదమూడు శాతం అడవే.