ప్రొబేషనర్‌ని ఏమని పిలుస్తున్నాం?

అందరికీ నమస్కారం. జనానికి చట్టం విషయాల్లో సాయం చేసే పారా లీగల్ వాలంటీర్లుగా మీలో చాలామంది కొత్తవాళ్లు, అందుకని ఇవాళ సెక్షన్లన్నీ చదివి విసిగించను, ప్రొబేషనర్, అంటే నేరం రుజువైనా కోర్టు జైలుకి పంపకుండా వదిలిన మనిషి, ఆ ఒక్క మాట గురించే మాట్లాడతా.

నేను ప్రొబేషన్ ఆఫీసర్‌గా ఉద్యోగంలో ఉన్నప్పుడు 19 ఏళ్ల కుర్రాడు ఒకడు నెలనెలా మా ఆఫీసుకి వచ్చేవాడు, బైకు దొంగతనం కేసు. జామీను వాళ్ల అమ్మమ్మ. వాడు బుద్ధిగా ఉంటాడని హామీ ఇచ్చే బాండు మీద వేలిముద్ర వేసి, ఆ సిరా కొంగుకి తుడుచుకుంటూ "వీడు మళ్లీ తప్పు చేస్తే నన్ను పట్టుకెళ్తారా బాబూ" అని అడిగింది. ఆవిడ వీధిలో ఎవరడిగినా "మావాడు ప్రొబేషన్‌లో ఉన్నాడు" అనే చెప్పేది. మన ఆంధ్రలో 2019లో సచివాలయ ఉద్యోగాలు వచ్చాయి కదా, రెండేళ్ల ప్రొబేషన్, నెలకి 15,000 జీతం, అది 2022 దాకా సాగి ధర్నాలు కూడా జరిగాయి, దాంతో ఊళ్లో అందరికీ ప్రొబేషన్ అంటే ఉద్యోగమే. పక్కింటాయన "ఏ సచివాలయంరా" అని అడిగాడంట. కుర్రాడు సిగ్గుతో చచ్చిపోయి రెండు నెలలు ఆఫీసుకి రావడమే మానేశాడు.

నిజానికి అమ్మమ్మ తప్పేం చెప్పలేదు. రెండూ ఒకే మాట. లాటిన్‌లో పరీక్షించడం, నిరూపించడం అనే అర్థం నుంచి వచ్చింది, మన చట్టం తెలుగులో పరివీక్ష అంటాం. ముస్సోరీలో ట్రైనింగ్‌లో ఉన్న ఐఏఎస్ కూడా ప్రొబేషనరే. 1841లో బోస్టన్‌లో జాన్ అగస్టస్ అనే చెప్పులు కుట్టే ఆయన కోర్టులో ఒక తాగుబోతుకి తనే జామీను ఉండి, మూడు వారాల తర్వాత మనిషిని మార్చి తీసుకొచ్చాడు, అక్కడ మొదలైంది ఇదంతా.

మన 1958 చట్టం, ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ యాక్ట్, పేరులో నేరస్థులు అనే ఉంది, కానీ 14వ సెక్షన్‌లో ఆఫీసర్ డ్యూటీలు చెప్పేటప్పుడు మాత్రం ప్రొబేషనర్లు అని రాశారు, వాళ్లని గమనిస్తూ ఉండాలి, అవసరమైతే తగిన పని వెతికిపెట్టడానికి కూడా ప్రయత్నించాలి అని. పని వెతికిపెట్టాల్సిన మనిషిని మనం ఏమంటున్నాం? ముద్దాయి అంటాం. తీర్పు వచ్చేశాక కూడా ముద్దాయే! కొందరు బెయిల్ మీద ఉన్నాడంటారు, కొందరు పెరోల్ అంటారు. బెయిల్ అంటే మామూలుగా కేసు తేలకముందు, పెరోల్ అంటే శిక్ష పడి జైల్లో ఉన్నవాడికి కొన్నాళ్ల సెలవు లాంటిది, ప్రొబేషన్ అంటే నేరం రుజువైనా జైలుకి పంపకుండా మంచి నడవడిక మీద వదలడం, బాండు మూడేళ్లకి మించకూడదు. 21 ఏళ్ల లోపు వాళ్లకైతే, యావజ్జీవం పడే నేరం కాకపోతే, జైలు ఎందుకు వేస్తున్నామో కోర్టే కారణం రాయాలి.

ఇంకో విషయం, ఇక్కడ జాగ్రత్తగా వినండి. ప్రొబేషన్ మీద వదిలారు కాబట్టి కేసు కొట్టేశారని ఎవరికీ చెప్పకండి. 12వ సెక్షన్ ఏం చేస్తుందంటే, నేర నిర్ధారణ వల్ల చట్టరీత్యా వచ్చే అనర్హతని తీసేస్తుంది, అంతే, ఆ నిర్ధారణ మాత్రం అలాగే ఉంటుంది. శంకర్ దాస్ అని ఢిల్లీ పాల స్కీములో క్యాష్ క్లర్కు, 500 రూపాయలు వాడుకున్నాడు, తిరిగి కట్టేశాడు, మేజిస్ట్రేటు ఆయన కష్టాలు చూసి ప్రొబేషన్ ఇచ్చాడు, ఉద్యోగం మాత్రం పీకేశారు. 1985లో సుప్రీంకోర్టు ఏమందంటే, తీసేసే అధికారం ఉంది కానీ ఈ కేసులో ఆ శిక్ష మరీ అన్యాయం అని ఉద్యోగం తిరిగి ఇప్పించింది. ఎన్నేళ్లు పోయాయో చూడండి ఆ మనిషికి.

మా కుర్రాడి దగ్గరికొస్తే, మూడో నెల అమ్మమ్మే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. రిజిస్టర్‌లో తన పేరు పక్కన "నేరస్థుడు" అని ఉండటం చూసి వాడు పెన్ను కింద పెట్టేశాడు. నాకు అప్పటిదాకా ఆ కాలమ్ కంటికి ఆనలేదు, ఎన్ని వందల సంతకాలు పెట్టించానో దాని మీద. ఆ రోజే కొట్టేసి ప్రొబేషనర్ అని రాశా, అప్పుడు సంతకం పెట్టాడు.

ఇప్పుడు బాండు నమూనా కాగితాలు ఇస్తున్నారు, షరతులున్న పేజీ చదివి, అమ్మమ్మలాంటి మనిషికి అర్థం కాదనిపించిన ప్రతి మాట కిందా గీత గీయండి, టీ తాగొచ్చాక ఒక్కోటి తీసుకుని దానికి మన ఊరి మాట ఏం పెడదామో చూద్దాం.