పికప్ బండి కొటేషన్ రివ్యూ: బేరం ఎక్కడ ఆడాలి, ఎక్కడ ఆడొద్దు

నమస్తే అందరికీ. ఈ వీడియోలో బండి చుట్టూ తిరిగి టైర్లు, లైట్లు చూపించట్లేదు. నా టేబుల్ మీద ఒక కొటేషన్ ఉంది. మిర్యాలగూడ వైపు నుంచి మన సబ్‌స్క్రైబర్ ఒకాయన పంపారు. బత్తాయి, కూరగాయల లోడ్లకి ఒకటిన్నర టన్ను పికప్ తీసుకుందామని పోతే ఇచ్చిన కాగితం ఇది. ఆయన పేరు, షోరూమ్ పేరు చెరిపేశాను. ఆయన అడిగింది ఒక్కటే: "అన్నా, పదివేలు తగ్గిస్తామంటున్నారు, ఖాయం చేసుకోవాలా?"

ఇప్పుడే ఖాయం చేయకండి. ఆ పదివేలు ఏ లైన్‌లో తగ్గాయో, ఏ లైన్‌లో మళ్లీ ఎక్కాయో ముందు చూద్దాం.

కాగితం దగ్గరగా పెడుతున్నా, చూడండి. పైన ఎక్స్‌షోరూమ్ ధర, అంటే ఒట్టి బండి ధర. దాని కింద ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్, ట్యాక్స్. ఇంకా కిందికి వస్తే "హ్యాండ్లింగ్" అని 8,500, "యాక్సెసరీస్ కిట్" అని 14,000. ఈ రెండే 22,500 అయ్యాయి. తగ్గించింది పదివేలు. లెక్క అర్థమైంది కదా?

హ్యాండ్లింగ్ అనేది ప్రభుత్వానికి కట్టేది కాదు. బండి షోరూమ్‌కి తెచ్చినందుకు అంటారు. షోరూమ్‌లో అమ్మే బండిని షోరూమ్‌కి తెచ్చుకోవాల్సింది వాళ్లే కదా. "ఈ లైన్ తీసేసి కొత్త కొటేషన్ ఇవ్వండి" అని మర్యాదగానే అడగండి, కానీ గట్టిగా అడగండి. కిట్‌లో సీట్ కవర్లు, మ్యాట్లు, మడ్ ఫ్లాప్‌లు ఉన్నాయి. కావాలంటే బయట కొనుక్కోవచ్చు, లేదంటే ఉచితంగా వేయమనొచ్చు. నంబర్ ప్లేట్‌కి విడిగా డబ్బులు రాస్తే ఒప్పుకోకండి. 2019 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లకి హై సెక్యూరిటీ ప్లేట్ కంపెనీయే ఇవ్వాలి.

ఇన్సూరెన్స్ దగ్గర కాసేపు ఆగుదాం, ఎక్కువ డబ్బు దాగేది ఇక్కడే. ఈ కాగితంలో ఒకటే అంకె వేశారు. విడగొట్టి ఇమ్మనండి. థర్డ్ పార్టీ ప్రీమియం, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కట్టే భాగం, ప్రభుత్వం నిర్ణయించినది. 7,500 కిలోల లోపు సరుకు బండికి 2022 నోటిఫికేషన్‌లో 16,049 రూపాయలు, జీఎస్టీ అదనం. ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా ఆ భాగం అంతే ఉంటుంది, దాని మీద బేరం ఉండదు. మిగతాది ఓన్ డ్యామేజ్, అంటే మన బండికి జరిగే నష్టానికి కట్టే భాగం. అందులో డిస్కౌంట్ ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. మీ ఊళ్లో ఇన్సూరెన్స్ ఏజెంట్ దగ్గర అదే బండికి, అదే ఐడీవీకి, అంటే బండి పూర్తిగా పోతే ఇన్సూరెన్స్ ఇచ్చే గరిష్ఠ మొత్తానికి, ఒక కొటేషన్ తెచ్చుకుని పక్కన పెట్టండి. ఐడీవీ తగ్గించి ప్రీమియం తక్కువ చూపించేవాళ్లూ ఉంటారు. కొత్త బండికి అది ఎక్స్‌షోరూమ్ ధరలో 95 శాతం దగ్గర ఉండాలి. షోరూమ్‌లోనే ఇన్సూరెన్స్ తీసుకోవాలన్న రూలేమీ లేదు.

ఇంకో మాట. "జీఎస్టీ తగ్గింపు మా తరఫున ఇస్తున్నాం అన్నా" అంటే నమ్మకండి. సరుకు బండ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. అంటే అప్పట్లో ఎక్స్‌షోరూమ్ 10 లక్షలున్న బండి, కంపెనీ రేటు మార్చకుంటే, దాదాపు 9 లక్షల 22 వేలకు రావాలి. అది మీకు రావాల్సిందే, డీలర్ డిస్కౌంట్ దాని తర్వాత లెక్క. మీ వ్యాపారానికి జీఎస్టీ నంబర్ ఉంటే బిల్లు ఆ నంబర్ మీదే చేయించుకోండి. సరుకు బండికి ఇన్‌పుట్ క్రెడిట్, అంటే బండి మీద కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకునే వీలు, వస్తుందేమో మీ ఆడిటర్‌తో ముందే మాట్లాడండి. బండి విలువ 10 లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే ముందు వసూలు చేసే ఇన్‌కమ్ ట్యాక్స్, పడుతుంది. అది రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది, దాని గురించి టెన్షన్ వద్దు.

ఇక బేరం. మీరు కూర్చోగానే సేల్స్ అబ్బాయి అడిగే మొదటి ప్రశ్న "క్యాషా, ఫైనాన్సా అన్నా?" అని. "అది తర్వాత చూద్దాం తమ్మీ, ముందు బండి రేటు చెప్పు" అనండి. నెల కిస్తీ ఎంతవుతుంది అనే మాటలోకి దిగారంటే అసలు రేటు పక్కకి పోతుంది. ఆన్‌రోడ్ మొత్తం, అంటే ట్యాక్స్, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి ఎంత, ఆ ఒక్క అంకె మీదే మాట్లాడండి. నల్గొండలో ఒక కొటేషన్, సూర్యాపేటలో ఒకటి, హైదరాబాద్‌లో ఒకటి తీసుకోండి. పాలమూరు వాళ్లయితే జడ్చర్ల మీదుగా హైదరాబాద్ ఎలాగూ దగ్గరే. అక్కడ కొన్నా టీఆర్, అంటే తాత్కాలిక రిజిస్ట్రేషన్, మీద బండి తెచ్చుకుని మీ జిల్లా ఆర్టీఏలోనే రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. పోటీ బండి కొటేషన్ కూడా ఒకటి చేతిలో ఉంచుకోండి. బొలెరో పికప్ చూస్తున్నవాళ్లు టాటా యోధా, ఇంట్రా, అశోక్ లేలాండ్ బడా దోస్త్ రేట్లు కూడా అడగండి. వేరే కంపెనీ కాగితం టేబుల్ మీద పెడితే మేనేజర్ తనే లేచి వస్తాడు.

రేటు ఖాయమై కాగితం మీద రాశాకే ఫైనాన్స్ మాట. "ఏడు శాతం వడ్డీయే అన్నా" అంటారు. ఫ్లాటా, రెడ్యూసింగా అని అడగండి. ఫ్లాట్ అంటే చివరిదాకా మొదటి అప్పు మొత్తం మీదే వడ్డీ, రెడ్యూసింగ్ అంటే ఇంకా మిగిలిన అసలు మీదే వడ్డీ. 8 లక్షలు, ఐదేళ్లు, 7 శాతం ఫ్లాట్ అనుకోండి. వడ్డీ 2 లక్షల 80 వేలు, నెలకి కిస్తీ 18,000. మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా, వడ్డీ మాత్రం మొత్తం 8 లక్షల మీదే కడుతున్నారు. రెడ్యూసింగ్‌లో చూస్తే అది దాదాపు పన్నెండున్నర శాతం. అదే అప్పు బ్యాంకులో 10 శాతం రెడ్యూసింగ్‌కి దొరికితే కిస్తీ 17,000 దగ్గర ఉంటుంది. ఐదేళ్లలో తేడా 60 వేలు. షోరూమ్‌లో పదివేల కోసం గంటసేపు వాదించి ఇక్కడ 60 వేలు వదిలేస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది. 2024 అక్టోబర్ నుంచి రిటైల్, చిన్న వ్యాపారాల అప్పులకి కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, అంటే అప్పు ముఖ్య వివరాలన్నీ ఉన్న కాగితం, ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. అందులో ఏపీఆర్ అని ఒక శాతం ఉంటుంది, వడ్డీతో పాటు ఫీజులూ కలిపి ఏడాదికి పడే ఖర్చు అది. సంతకానికి ముందు అది చూడండి.

ఎప్పుడు కొనాలి అని చాలామంది అడుగుతారు. దసరాకి గిరాకీ ఎక్కువ, అప్పుడు తగ్గించమంటే వినరు. ఆషాఢంలో మనవాళ్లు కొత్త బండి ఇంటికి తేరు, షోరూమ్‌లు ఖాళీగా ఉంటాయి. బేరం అప్పుడు కుదుర్చుకుని, డెలివరీ శ్రావణంలో మంచిరోజు చూసి తీసుకోండి. అయితే బయానా రసీదు మీద ఆన్‌రోడ్ మొత్తం, మోడల్, తయారీ సంవత్సరం, రేటు మారితే బయానా వాపస్ అన్న మాట రాయించుకోండి. నోటి మాట మీద డబ్బు కట్టకండి.

మిగతా డబ్బు కట్టేముందు యార్డులో ఆ బండినే చూపించమనండి. ఛాసిస్ నంబర్‌లో చాలా కంపెనీలకు పదో అక్షరం తయారీ సంవత్సరం: ఆర్ అంటే 2024, ఎస్ అంటే 2025, టి అంటే 2026. జనవరిలో కొంటూ నిరుటి బండి తీసుకుంటుంటే, అమ్మేటప్పుడు ఒక ఏడాది పాతది కింద లెక్క కడతారు. కాబట్టి ఆ తేడా ఇప్పుడే రేటులో తగ్గించాలి. మిర్యాలగూడ అన్నా, మీ కొటేషన్‌లో తయారీ సంవత్సరం రాయలేదు. రేపు పోయినప్పుడు ముందు అది అడగండి, తర్వాత ఆ 8,500 లైన్ కొట్టేయించండి.