72 లక్షలు, నలుగురు వారసులు, మూడు చట్టాలు

నమస్తే అండీ. ముందు ఒక లెక్క వేద్దాం. ఒకాయన వీలునామా రాయకుండా పోయాడు. కష్టార్జితంతో కొన్న ఇల్లుంది, ధర 72 లక్షలు. అప్పుల్లేవు. ఉన్నది భార్య, తల్లి, ఒక కొడుకు, ఒక కూతురు. ఎవరికెంత?

ఆయన హిందువైతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం. నలుగురూ మొదటి తరగతి వారసులే, తలా 18 లక్షలు. తల్లికి మనవడితో సమానంగా వాటా ఉందన్న సంగతి చాలా ఇళ్ళలో ఆ తల్లికే తెలీదు. తండ్రి బతికున్నా ఆయనకి మాత్రం ఏమీ రాదు, ఆయన రెండో తరగతిలో ఉన్నాడు. బౌద్ధులకీ జైనులకీ సిక్కులకీ ఇదే చట్టం. తాతల ఆస్తి అయితే లెక్క వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తా.

క్రైస్తవుడైతే 1925 నాటి భారత వారసత్వ చట్టం. భార్యకి మూడో వంతు, అంటే 24 లక్షలు. మిగతా 48 కొడుక్కీ కూతురికీ చెరి సగం. మరి తల్లికి? సున్నా. పిల్లలున్నంత వరకు తల్లిదండ్రులు లెక్కలోకే రారు.

సున్నీ ముస్లిం అయితే, మన దగ్గర ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో, తల్లికి ఆరో వంతు, 12 లక్షలు. భార్యకి ఎనిమిదో వంతు, 9 లక్షలు. మిగిలిన 51లో కొడుక్కి 34, కూతురికి 17. భార్యకి మెహర్ (పెళ్ళప్పుడు భర్త ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము) బాకీ ఉంటే అది అప్పు కిందే లెక్క, పంపకాల కన్నా ముందు తీర్చాలి.

ఈ విషయం వస్తే చాలు, టీవీల్లో గొడవంతా ఆ 34, 17 దగ్గరే ఆగిపోతుంది. అది సమానం కాదు, నిజమే, నేను కాదనను. కానీ క్రైస్తవ తల్లికి వచ్చిన సున్నా మీద ఒక్క డిబేటైనా చూశారా? ముస్లిం చట్టంలోనే నాకు ఇంకా కష్టమనిపించేది మరొకటుంది. తాత బతికుండగానే తండ్రి పోయాడు, బాబాయి ఉన్నాడు. తాత ఆస్తిలో ఆ పిల్లలకి వాటా లేదు, అంతా బాబాయి వైపే. పాకిస్తాన్ దీన్ని 1961లోనే మార్చుకుంది. ఇక్కడ ఇంకా అలాగే ఉంది. తాత తలచుకుంటే బతికుండగా హిబా (దానం) ఇవ్వొచ్చు, లేదా మూడో వంతు వరకు వీలునామా రాయొచ్చు. తలచుకుంటేనే.

సరే, మా చట్టంలో అన్నీ సవ్యంగానే ఉన్నాయి అనుకునే హిందువులు ఇప్పుడు వినండి. ఇందాక పోయింది మగాయన. అదే ఒక స్త్రీ పోతే? అదే హిందూ వారసత్వ చట్టంలో సెక్షన్ 15 చూడాలి. ముందు పిల్లలు, భర్త. వాళ్ళెవరూ లేకపోతే భర్త తరఫు వారసులు. కన్న తల్లిదండ్రులు ఆ తర్వాతే.

2009లో సుప్రీంకోర్టు తేల్చిన కేసు ఒకటి చెప్తాను. ఒకావిడకి 1955లో పెళ్ళయింది, మూడు నెలలకే భర్త పోయాడు. అత్తింటివాళ్ళు వెళ్ళగొట్టారు. పుట్టింటివాళ్ళు చదివించారు, ఆవిడ ఉద్యోగం చేసుకుంది, 1996లో వీలునామా లేకుండా పోయింది. బ్యాంకు డబ్బు, పీఎఫ్ ఎవరికెళ్ళాయి? భర్త అక్కచెల్లెలి కొడుకులకి! సానుభూతి చూపించి చట్టాన్ని మార్చలేమంది కోర్టు. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి అయితే, పిల్లలు లేనప్పుడు తిరిగి పుట్టింటికే పోతుంది. సొంత జీతంతో కూడబెట్టుకున్నది మాత్రం అత్తింటికి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సొంత ఫ్లాట్ కొనుక్కున్న అమ్మాయిలు ఎంతమందికి తెలుసు ఈ సంగతి?

ఇక తాతల ఆస్తి. దీంట్లో మన తెలుగువాళ్ళం ముందున్నామని చెప్పుకోవచ్చు. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి పెళ్ళికాని కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే హక్కు వచ్చింది. అప్పటికే పెళ్ళయినవాళ్ళకి రాలేదు. 2005లో దేశమంతటికీ చేసిన సవరణతో ఆ తేడా పోయింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న పేచీకి, అక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తెరదించింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టర్ అయిన పంపకాలు మాత్రం చెల్లుతాయి.

కాగితం మీద ఇది. ఊళ్ళో జరిగేది వేరు. "కట్నం ఇచ్చాం కదమ్మా, పసుపు కుంకుమ కింద అరెకరం రాశాం కదా" అని హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకుంటారు. పెట్టకపోతే పుట్టింటి గడప దూరం. నా దృష్టిలో మూడు మతాల ఆడపిల్లలూ ఇక్కడ సమానమే.

మతం మారితే వాటా పోతుందని బెదిరించేవాళ్ళున్నారు. హిందూ తండ్రి ఆస్తిలో మతం మారిన కూతురికి వాటా పోదు. మారిన తర్వాత ఆమెకి పుట్టిన పిల్లలు హిందువులుగా ఉంటే తప్ప, ఆ హిందూ బంధువుల నుంచి నేరుగా వారసత్వం అడగలేరు, అంతవరకే. మతాంతర వివాహం స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద చేసుకుంటే 1925 చట్టమే వర్తిస్తుంది.

షెడ్యూల్డ్ తెగలకి హిందూ వారసత్వ చట్టం వర్తించదు, వాళ్ళకి వాళ్ళ ఆచారమే. 2025 జులైలో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో, వాటా ఇవ్వకూడదన్న ఆచారాన్ని ఎవరూ రుజువు చేయలేదు కాబట్టి స్త్రీ వారసులకీ సమాన వాటా ఇవ్వాలంది సుప్రీంకోర్టు. ఆదిలాబాద్ గోండు ఆడవాళ్ళకి కూడా ఇది తెలియాల్సిన తీర్పు.

ఇదంతా వీలునామా లేకపోతేనే. హిందువులూ క్రైస్తవులూ తమ సొంత ఆస్తిని ఎవరికైనా రాయొచ్చు. ముస్లింలు మూడో వంతు దాటి రాసినా, వారసుల్లో ఒకరికే రాసినా, మిగతా వారసులు ఒప్పుకోవాలి. హిందువులకీ క్రైస్తవులకీ స్టాంపు పేపర్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులుంటే చాలు. క్రైస్తవులకి రెండు మెలికలున్నాయి: పెళ్ళి చేసుకుంటే అంతకుముందు రాసిన వీలునామా రద్దయిపోతుంది. సాక్షి సంతకం పెట్టినవాళ్ళకి గానీ, వాళ్ళ భర్తకో భార్యకో గానీ అందులో రాసిన ఆస్తి దక్కదు.