రిమోట్ యాక్సెస్ మోసం: అది హ్యాకింగ్ ఎందుకు కాదు?

నమస్కారం. శ్రీకాకుళం జిల్లా పాతపట్నం దాటి ఒడిశాలో అడుగుపెట్టగానే వచ్చే పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. మా వీధిలో కిరాణా కొట్టు నడిపే పెద్దాయనకు, బిల్లు బాకీ ఉంది కనుక ఈ రాత్రికి కరెంటు తీసేస్తామని మొదట ఒక మెసేజి, ఆ వెంటనే ఒక ఫోను వచ్చాయి. అవతలి మనిషి ఒడియాలో మొదలుపెట్టి, ఈయన మాట విని తెలుగులోకి మారాడు. మన భాష వినబడేసరికి ఈయనకు నమ్మకం కుదిరింది. అతను చెప్పిన యాప్ వేసుకుని, అందులో కనిపించిన అంకెలు చదివి వినిపించి, పది రూపాయలు కట్టారు. ఖాతా ఖాళీ అయ్యాక ఆయన నాతో అన్న మాట: "నా ఫోన్ హ్యాక్ చేశారు బాబూ."

ఆ మాట దగ్గరే ఆగుదాం. హ్యాక్ అనుకుంటే పిడుగు పడ్డట్టు, మన చేతిలో ఏమీ లేనట్టు తోస్తుంది. ఇక్కడ తాళం ఎవరూ పగలగొట్టలేదు.

(తెరపై: రెండు ఫోన్లు, మధ్యలో ఒక సర్వర్)

ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వంటి రిమోట్ యాక్సెస్ యాప్‌లు దూరాన ఉన్న యంత్రాన్ని బాగుచేయడానికి పుట్టిన మంచి పనిముట్లు. మన అంకెలు అవతలివాడు తన యాప్‌లో కొట్టగానే మన తెరమీద అనుమతి అడుగుతుంది. సరేనని నొక్కితే, మన తెర బొమ్మ ఎప్పటికప్పుడు అతనికి చేరుతుంది, దానితోపాటు ఓటీపీ కూడా. ఆ దారి పొడవునా సమాచారం గుప్తంగానే ప్రయాణిస్తుంది, కానీ రెండో కొసన కూర్చున్నవాడే దొంగ అయినప్పుడు ఆ భద్రత మనల్ని కాపాడలేదు. రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే దీనిపై బ్యాంకులను హెచ్చరించింది.

హ్యాకర్ అన్న మాట అమెరికాలోని ఎంఐటీ అనే సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థుల నమూనా రైళ్ల క్లబ్బులో, యంత్రం లోగుట్టు విప్పి చూడటంలో ఆనందించేవారి గురించి పుట్టింది. మన సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 2000లో వచ్చినప్పుడు 66వ సెక్షన్ శీర్షికలో హ్యాకింగ్ అనే మాట ఉండేది. 2008 సవరణ దాన్ని తీసేసి, కంప్యూటర్ ద్వారా వేరొకరిలా నటించి మోసగించడాన్ని 66డిగా చేర్చింది. పెద్దాయనకు జరిగింది సరిగ్గా అదే, అందుకు మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉంది.

ఇలా జరిగితే ముందు ఫోన్‌లో ఇంటర్నెట్ ఆపండి, వేరే ఫోన్ నుంచి సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి చెప్పండి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. యాప్ తీసేయడం, పాస్‌వర్డులు మార్చడం ఆ తరువాత.

కొట్టు నడిపేవారికి ఇంకొక మాట. బిల్లింగ్ కంప్యూటరును విశాఖపట్నం నుంచో బరంపురం నుంచో ఎవరైనా ఇలాంటి యాప్‌తో బాగుచేసినప్పుడు, మనం లేకున్నా లోపలికి రావడానికి ఒక శాశ్వత పాస్‌వర్డు పెట్టి ఉండవచ్చు. యాప్ సెట్టింగులలో అన్‌అటెండెడ్ యాక్సెస్ అన్నచోట అది ఉందేమో చూసి, ఈరోజే తీయించండి.